లిఖ్ 2

మా పెదనాన్న తార్ బాబు, అంటే తంతి గుమాస్తా. రాయ్‌పూర్ స్టేషన్లో కూర్చుని టెలిగ్రాములు కొట్టే ఉద్యోగం. ఎవరైనా ఒక్క మాట ఎక్కువ వాడితే ఆయనకి ఒళ్లు మండేది. ఇంట్లో చీటీ రాసినా అదే పొదుపు. రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మాకు నోట్లో తెలుగూ హిందీ కలిసే ఉంటాయి కదా, ఆయన చీటీలు కూడా అంతే, హిందీ మాటలు తెలుగు లిపిలో రాసేవాడు. హిందీలో ‘దో’ అంటే రెండు. ఏ పనైనా చేసెయ్యమని చెప్పడానికి కూడా చివర ‘దో’ అనే అంటారు. పంపించెయ్ అంటే భేజ్ దో. తీసెయ్ అంటే హటా దో. ఆ దో అన్నచోటల్లా పెదనాన్న 2 అంకె వేసేవాడు. ‘దాల్ భేజ్ 2’ అని చీటీ వస్తే రెండు కిలోలని కాదు, పప్పు పంపమని. చిన్నప్పుడే మా అందరికీ ఆ అలవాటు అంటుకుంది, నాకైతే వదలనే లేదు.

ఆయన పోయాక పెద్దమ్మ నా దగ్గరికి వచ్చేసింది. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాని, క్వార్టరు నా పేర ఉండేది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి నేనేం చెప్పేదాన్నో ఇక్కడ రాయను, నోరు మంచిది కాదంటారు. ఆ నోరు పెద్దమ్మ దగ్గర మాత్రం లేచేది కాదు. ఎందుకంటే ఆవిడ పాడేది.

పాడేది అంటే కచేరీలు కాదు. శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగాల మీద వచ్చిన మొగుళ్ల వెంట ఈ ఊరొచ్చిన ఆడవాళ్లు, క్వార్టర్ల వెనక వడియాలు పెట్టుకుంటూ, బొగ్గు ఏరుకుంటూ కట్టుకున్న పాటలు. వాటిలో సగం మా తెలుగు, సగం హిందీ. ధర్సీవా నుంచి కూరగాయలు తెచ్చే ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్న ఛత్తీస్‌గఢీ ముక్కలు కూడా ఉంటాయి. మా సొంతూరెళ్లి పాడితే సగం అర్థం కాదు, ఇక్కడివాళ్ల ముందు పాడితే మిగతా సగం అర్థం కాదు. రాసిపెట్టినవాళ్లు లేరు. కట్టిన ఆడవాళ్లలో మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. అన్నీ ఆవిడ గొంతులోనే ఉన్నాయి.

ఆ గొంతులో పుండు లేచింది. కొత్త సంవత్సరానికి రెండువేలని రాయాలట అని అందరూ వింతగా చెప్పుకుంటున్న ఏడాది, మే నెలలో. డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతుంది, స్వరపేటిక తీసేస్తాం కాబట్టి మాట పోతుంది. పై సోమవారం ఆపరేషన్, ఈలోపు ఎంత మాట్లాడుకోవాలంటే అంత మాట్లాడుకోమన్నాడు. నేను ఆస్పత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చాను. పెద్దమ్మ ఏడవలేదు. రిక్షా ఎక్కాక వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది.

“సోమవారం దాకా ఉన్నాది కదే. పాటలన్నీ నీ పెట్టెలోకి దింపీ,” అంది.

నా పెట్టె అంటే కంప్యూటరు. ఇంతకుముందు క్యాసెట్లు తిప్పి చూశాం, రెండు వానాకాలాలకే రిబ్బనుకి బూజు పట్టి అంటుకుపోయాయి. అందుకని కంప్యూటరుకి మైకు తగిలించి పాడించడం మొదలుపెట్టాను. ఆ యంత్రం నేను కొత్తగా కొన్నది కాదు. బస్తీలో కంప్యూటర్ క్లాసులు చెప్పే ఒక సార్ వాడి వాడి నాకు అమ్మాడు. మామూలుగా కంప్యూటర్ని నడిపించే మూల ప్రోగ్రాము ఒకటే ఉంటుంది. ఆయన తన చదువు కోసం దాంట్లో రెండు పెట్టుకున్నాడు, విండోస్ ఒకటి, లినక్స్ ఒకటి.

ఆ రెండూ ఒకే పెట్టెలో ఎలా ఉండేవో తలుచుకుంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. స్విచ్ వెయ్యగానే నల్లటి తెర మీద ఒక ప్రశ్న వచ్చేది, ఎటు వెళ్తావని. విండోస్ అని కొడితే నీలం తెర, బొమ్మలు, నా ఫైళ్లు, పెద్దమ్మ పాటలు. ఏమీ కొట్టకుండా చేతులు కట్టుకుని కూర్చుంటే లినక్స్‌లోకి పోయేది. అక్కడ బొమ్మల్లేవు, పాటల్లేవు, నేనెవరో తెలీదు. పేరు చెప్పమని అడిగి ఊరుకునేది. అదే మీటలు, అదే తెర, లోపల అదే డిస్కు. ఈ పక్కన ఉన్నదానికి ఆ పక్కన ఇంకోటి ఉందన్న సంగతే పట్టదు. నేను ఒక్కోసారి ఊరికే అటు పోనిచ్చి కూర్చుని చూసేదాన్ని.

“ఎవులే నువ్వని అడుగుతున్నాదా?” అని పెద్దమ్మ నవ్వేది. “సెప్పకు. మనింట్లో ఉండి మనల్నే అడగడవేటి?”

చిక్కల్లా చోటుతో వచ్చింది. పాట దింపితే డిస్కులో ఎంత స్థలం తింటుందో నాకు అంచనా లేదు. ఒక్క పాట కూడా ఫ్లాపీలో పట్టేది కాదు, కాబట్టి ఇంకోచోట దాచే దారి లేదు. సగం డిస్కు లినక్స్ ఆక్రమించి కూర్చుంది. ఇలా అవుతుందని ముందే తోచి, వారం ముందు వీధి చివరి ఫోన్ బూత్ నుంచి సార్‌కి ఫోన్ చేసి లినక్స్ తీసేసే పద్ధతి అడిగాను. బయట జనం అద్దం మీద వేళ్లతో కొడుతున్నారు. ఆయన గబగబా హిందీలో చెప్పాడు, నేను క్యాలెండరు కాగితం వెనక మా ఇంటి పద్ధతిలో గబగబా గీకేశాను. మూడే లైన్లు.

శనివారం సాయంత్రం పాట మధ్యలో యంత్రం ఆగి, స్థలం లేదని చెప్పింది. పదకొండు పాటలు మిగిలాయి. ఆదివారం సాయంత్రం అయిదింటికల్లా ఆస్పత్రిలో చేరాలి. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, గుడికి వెళ్లేదానిలా జడ వేసుకుని, ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి లైను, ‘ఫ్లాపీ బనా 2’. సరే, రెండు ఫ్లాపీలు తయారుచెయ్యాలి. యంత్రాన్ని ఫ్లాపీ నుంచి లేపడానికి పనికొచ్చేవి, విండోసే తయారుచేసి ఇస్తుంది. రెండు చేశాను.

మూడో లైను, ‘ఎఫ్‌డిస్క్ స్లాష్ ఎంబీఆర్ లిఖ్ 2’. లిఖ్ అంటే రాయి. ఎఫ్‌డిస్క్ అనే పనిముట్టు ఈ ఫ్లాపీల్లోనే ఉంటుంది కాబట్టి ఇది వీటి పేరు కాబోలు, కలగాపులగం కాకుండా వాటి మీద రాయమన్నాడు అనుకున్నాను. మూడో లైను ముందే ఎందుకు చేశానంటే, ఆఫీసులో ఫైలు తెరిచే ముందు అట్ట మీద పేరు రాసే అలవాటు. రెండు చీటీలు అంటించి, ఒకదాని మీద ఎఫ్‌డిస్క్ స్లాష్ ఎంబీఆర్ 1 అని, రెండోదాని మీద అదే రాసి 2 అని, గుండ్రంగా రాశాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

ఇక రెండో లైను, ‘లినక్స్ హటా 2’. ఒకటో నంబరు ఫ్లాపీతో యంత్రాన్ని లేపి, సార్ అమ్మేటప్పుడు చూపించినట్టే ఎఫ్‌డిస్క్ అని కొట్టి, డిస్కులో ఏ గది ఎవరిదో చూపించే పట్టిక తెరిచాను. విండోసుది కాని గదులు సరిగ్గా రెండు కనిపించాయి. రెండు తీసెయ్యమన్నాడు, రెండే ఉన్నాయి. ఇంతకంటే ఏం రుజువు కావాలి? ఒకటి తీశాను, రెండోది తీశాను. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది. చప్పుడు లేదు, పొగ లేదు. డిస్కులో సగం ఉన్న ప్రపంచం, నన్నెవరని అడిగిన ప్రపంచం, రెండు మీటల నొక్కుతో లేకుండా పోయింది. నా వేళ్లని నేనే చూసుకున్నాను. ఆ క్షణంలో భయం లేదు, అంత పని ఇంత తేలిగ్గా జరిగిందే అన్న విస్మయం.

ఫ్లాపీ తీసి, యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాను.

నల్లటి తెర. ఎడమ పక్క పైన ఇంగ్లీషులో రెండు అక్షరాలు, ఎల్, ఐ. అంతే. ఆ పక్కన మినుకుమనే గీత కూడా ఆడటం లేదు. మళ్లీ ఆపి వేశాను. ఎల్, ఐ. నాలుగుసార్లు, అయిదుసార్లు వేశాను. విండోస్ లేదు, నీలం తెర లేదు. వారం రోజులుగా కూలర్ ఆపుకుని, చెమటలు కారుతూ, వడగాలికి తలుపులు వేసుకుని దింపిన పాటలన్నీ ఆ రెండక్షరాల వెనక ఎక్కడో చిక్కుకుపోయాయి. లేదా లినక్స్‌తో పాటు అవి కూడా పోయాయి. ఏదైందో చెప్పేవాళ్లు లేరు. రేపు పొద్దున్నకి పాడే గొంతు కూడా ఉండదు.

నాకు కోపం వస్తే చేతిలో ఏముందో చూసుకోను. ఒకటో నంబరు ఫ్లాపీ వెళ్లి కూలర్ కాలికి తగిలి మంచం కింద పడింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఫోన్ బూత్‌కి పరుగెత్తాను. సార్ వాళ్లమ్మ ఎత్తింది. ఆరంగ్‌లో పెళ్లికి వెళ్లాడని, మంగళవారం వస్తాడని, అక్కడ ఫోన్ లేదని చెప్పింది. మంగళవారం నాకెందుకమ్మా అని ఆవిడ మీద అరిచాను. తర్వాత వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను.

ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ నా కుర్చీలో కూర్చుని తెర చూస్తోంది. వ్యాగన్ల మీద రాతలు చూసి చూసి ఆవిడకి ఇంగ్లీషు పెద్దక్షరాలు వచ్చు. ఎల్, ఐ, లి, అని కూడబలుక్కుని నావైపు తిరిగి, లాలిలో లి వచ్చినాది, లా ఏదే అని అడిగింది. నవ్వించాలనే అంది. ఆ గొంతు అప్పటికే గీరుకుపోయి ఉంది. నాకు నవ్వు రాలేదు. మొదట దింపించుకున్న పాటే లాలి. ఆవిడ తల్లిలేని నన్ను పడుకోబెట్టిన పాట.

నేను నేల మీద కూర్చుని నిజం చెప్పేశాను. తొందరపడి ఏదో తప్పు చేశానని, పాటలు ఉన్నాయో పోయాయో తెలీదని, నన్ను తిట్టమని. తిట్టలేదు. ఆ కాగితం ఇలా తెమ్మంది. నేనిస్తే దూరంగా పట్టుకుని, నాకు చదువు చెప్పిన రోజుల్లో చదివినట్టు, ఒక్కో లైను పైకి చదివింది. ఆవిడ ఏనాడూ కళ్లతో చదవలేదు, గొంతుతోనే చదివేది. పెదనాన్న చీటీలు కూడా అలాగే, వీధిలోవాళ్లందరికీ వినిపించేలా చదివేది.

“ఫ్లాపీ బనా దో. లినక్స్ హటా దో. ఎఫ్‌డిస్క్ స్లాష్ ఎంబీఆర్ లిఖ్ దో.” చదివి కాగితం దించింది. “రాసీమన్నాడు కదే గుంటా. రాసినావా మరి?”

ఆవిడ నోట వినేసరికి తెలిసింది. అంకె కాదు అది. నా చేత్తో నేను రాసుకున్న 2ని నేనే రెండని చదివాను. ఫ్లాపీ చెయ్యమన్నాడు, రెండు చెయ్యమనలేదు. లినక్స్ తీసెయ్యమన్నాడు. ఆ తర్వాత తెర మీద ఆ మాట కొట్టమన్నాడు. నేను దాన్ని చీటీ మీద అందంగా రాసి ఫ్లాపీకి అంటించాను. మందు పేరు సీసా మీద రాసి, మందు తాగడం మరిచిపోయాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, చెప్పొద్దూ.

మంచం కింద నుంచి ఒకటో నంబరు ఫ్లాపీ తీసి పెట్టాను. గరగరమంది, చదవలేనని చెప్పింది. నా కోపం దాన్ని చంపేసింది. అప్పుడు రెండోది తీశాను. తప్పు చదివి చేసినదే, రెండోది. అది పెడితే యంత్రం లేచింది. నేను ఆ చీటీ చూసి ఒక్కో అక్షరం నొక్కాను, చివరి అంకె మాత్రం వదిలేసి. పెద్దమ్మ వెనక నిలబడి నా భుజం మీద చెయ్యి వేసింది.

ఎంటర్ కొట్టాక ఏమీ జరగలేదు. నిజంగా ఏమీ జరగలేదు, అయ్యిందని కూడా చెప్పలేదు, మళ్లీ అదే గుర్తు వచ్చి నిలబడింది. నేను ఫ్లాపీ తీసి, కళ్లు మూసుకుని, ఆపి వేశాను. కళ్లు తెరవడానికి ధైర్యం చాల్లేదు.

“వచ్చీసినాదే,” అంది పెద్దమ్మ.

నీలం తెర. నా బొమ్మలు. పాటల సంచీ. ఎటు వెళ్తావన్న ప్రశ్న లేదు, లి లేదు. లాలి మీద నొక్కితే ముందు గూడ్సు బండి పోయిన చప్పుడు, తర్వాత దగ్గు, తర్వాత ఆవిడ గొంతు. నేను పెద్దమ్మ కాళ్లు పట్టుకుని ఏడ్చాను. ఇంత చిన్న మాట కొడితే అంత పోగొట్టుకున్నది తిరిగొస్తుందా? దేవుడి దగ్గర కూడా నేనంత తెల్లబోయి నిలబడింది లేదు.

సార్ తర్వాత వివరం చెప్పాడు. యంత్రం లేచే దారిలో మొట్టమొదట ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుందట, అది ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా తన నాలుగక్షరాల పేరులో ఒక్కో అక్షరం రాసుకుంటుందట. దాని రెండో సగం లినక్స్ గదిలో ఉండేది. ఆ గది నేను పీకేశాను కాబట్టి సగం పేరు రాసి ఆగిపోయింది. మా భాషలో చెప్పాలంటే, లైను తీసేసిన యార్డు వైపే పట్టాలు మార్చే కాంటా పడి ఉంది. బండికేం కాలేదు, సరుక్కేం కాలేదు. నేను కొట్టిన మాట ఆ కాంటాని తిప్పింది. పాటలు ఒక్క క్షణం కూడా ఎక్కడికీ పోలేదమ్మా అన్నాడు. అది విన్నాక నా ఆశ్చర్యం తగ్గుతుందనుకున్నాను, ఇంకా పెరిగింది.

ఖాళీ అయిన సగాన్ని కొత్త గదిగా చేసి, కూలర్ ఆపి, మధ్యాహ్నం అంతా దింపాం. పదకొండు పాటలూ పాడింది. చివరివి రెండూ గుసగుసలాగే వచ్చాయి. నాలుగున్నరకి మైకు తీసి నా చేతిలో పెట్టి, చీర మార్చుకుని, రిక్షా పిలవమంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండు వారాలకి ఇంటికి తెచ్చాం. మెడకి చిల్లు, దాని మీద గుడ్డ. పలక కొనిచ్చాను, ముట్టుకోలేదు. ఏం కావాలన్నా చేత్తో చూపించేది, నాకు అర్థం కాకపోతే గోడవైపు తిరిగి పడుకునేది. పాటలు పెట్టనా అని నేను అడగలేదు. ఆ గొంతు విని ఏమైపోతుందోనని భయం. అలా పది రోజులు మా ఇంట్లో మాట లేదు. నోరున్న నేను కూడా మాట్లాడటం మానేశాను.

పక్క బ్లాకులో ఉండే నర్సమ్మగారు, గుంటూరువైపు వాళ్లు, రోజూ పొద్దున్న చర్చికి వెళ్తూ వచ్చి కట్టు మార్చేవారు. ఒక ఆదివారం ఆవిడ దూది తీస్తుంటే పెద్దమ్మ చెయ్యి చాచి పలక అందుకుంది. నెమ్మదిగా రాసి ఆవిడకే చూపించింది.

నర్సమ్మగారు చదివి నావైపు చూశారు. “లాలి లగా రెండు. ఏమిటండీ ఇది? రెండు లాలిపాటలు కావాలంటున్నారా?”

నేను వంటింట్లోంచి వచ్చి పలక తీసుకున్నాను. ‘లాలి లగా 2.’ ఆవిడకి లేని గొంతు నాకుంది కదా అని, పెద్దమ్మ చదివినట్టే, వీధిలోకి వినపడేలా చదివాను. “లాలి లగా దో.”

పెట్టెయ్ అని. అంతే. నేను వెళ్లి స్విచ్ వేశాను. యంత్రం ఏమీ అడక్కుండా తిన్నగా తెరుచుకుంది. గూడ్సు బండి పోయింది, దగ్గు వినిపించింది.

లాలి లాలి లాలమ్మ లాలి
బొగ్గింజను కూతేసె లాలి
సోజా నా గుంటా లాలి
డూటీ దిగొచ్చె మీ అయ్య లాలి

పెద్దమ్మ మంచం మీద కూర్చుని, మెడ కట్టు మీద చెయ్యి పెట్టుకుని, పెదవులు కదుపుతోంది. ఒక్క మాట కూడా తప్పలేదు. నర్సమ్మగారు చేతిలో దూదితో అలాగే నిలబడిపోయారు. పాట అయిపోయింది. పెద్దమ్మ పలక మీది అంకెని వేలితో చూపించి నావైపు చూసింది. ఆ కళ్లలో నవ్వు ఉంది.

ఈసారి దాన్ని రెండనే చదివాను. ఇంకోసారి పెట్టాను.